ఆరు నిమిషాల నీలం

గుఫ్రాన్ మా మేడమీద గదిలో ఉండబట్టి అప్పటికి మూడేళ్ళు. గఫ్సా ఊరి పిల్ల. ఇక్కడ స్ఫాక్స్‌లో మా ఆయన తౌఫీక్ పనిచేసే ఆసుపత్రిలోనే పాథాలజీ చదువుతోంది. ఆమె డాక్టరు, ఆయన టెక్నీషియన్. ఆయన ముక్కలు కోసి రంగు వేస్తే ఆమె సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు ఏమిటో చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నం మాతోనే తింటుంది. రెండేసి మెట్లు కలిపి దిగే అలవాటు ఆ పిల్లకి. ఆ ఆదివారం మాత్రం ఒక్కో మెట్టూ దిగింది.

గోధుమరవ్వతో చేసిన కుస్కుస్ వడ్డించాను. పైన చేప ముక్క పెట్టాను. గుఫ్రాన్ చెంచాతో దాన్ని అటూ ఇటూ నెట్టింది.

"సముద్రం లేని గఫ్సా వాళ్ళకి ముల్లు తీయడం రాదని తెలుసుగానీ, మరీ ఇంత దిగులా?" అన్నాడు తౌఫీక్.

మామూలుగా అయితే స్ఫాక్స్ వాళ్ళు ముల్లు కూడా వదలరని ఎదురు అనేది. ఆ రోజు అనలేదు.

"సీ తౌఫీక్, మీ స్లైడులు అరవై రెండూ చూడడం అయిపోయింది." తౌఫీక్‌ని ఆమె గౌరవంగా సీ అంటుంది.

"మంచిదేగా."

"ఒక్కదాంట్లోనూ లేదు."

ఏది లేదో మాకు తెలుసు. ఏడాదిగా మా ఇంట్లో అదే మాట. ముక్కు వెనక, గొంతు పైభాగాన వచ్చే క్యాన్సర్ మా వైపు ఎక్కువ. ఆ కణాల మీద ఒక గ్రాహకం ఉంటుంది. పెరగమనే కబురు బయటి నుంచి వస్తే అందుకుని లోపలికి చేరవేస్తుంది. ఉండాల్సిన చోటు కణం పైపొర. కొందరి కణితిలో మాత్రం అది పొర వదిలి లోపల కేంద్రకంలోకి పోయి కూర్చుంటుంది. అలాంటి వాళ్ళకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని వేరే దేశాల వాళ్ళు కొన్ని రకాల క్యాన్సర్లలో రాశారు. మన రోగుల్లో కూడా అంతేనా అన్నది గుఫ్రాన్ థీసిస్. మొదటిసారి నాకు చెప్పినప్పుడు, "వీధి గుమ్మం దగ్గర ఉండాల్సిన గంట పడగ్గదిలోకి వచ్చేస్తే ఎలా ఉంటుంది ఖాల్తీ? ఇక ఎవరూ నొక్కక్కర్లేదు, దాని ఇష్టం వచ్చినప్పుడు అదే మోగుతుంది" అంది. నన్ను ఖాల్తీ, అంటే పిన్నీ అని పిలుస్తుంది.

గ్రాహకం ఎక్కడుంటే అక్కడ గోధుమ రంగు పట్టేలా మందు పోస్తారు. ఆ తర్వాత కేంద్రకాలు కనిపించడానికి అన్నిటికీ నీలం వేస్తారు. అదంతా తౌఫీక్ పని.

"పొర మీద గోధుమ రంగు బ్రహ్మాండంగా ఉంది. కేంద్రకాల్లో మాత్రం సున్నా. వేరేచోట అయిదుగురిలో ఒకరికైనా కనిపించింది, నాకు అరవై రెండు మందిలో ఒక్కరికీ కనిపించలేదు" అంది గుఫ్రాన్.

"ఉస్తాద్ ఏమన్నారు?" అని అడిగాను. ఉస్తాద్ అంటే వాళ్ళ విభాగాధిపతి లామీన్ గారు.

గుఫ్రాన్ తౌఫీక్ వైపు చూసి, చూపు దించుకుంది. "థీసిస్ పరీక్షించే జ్యూరీకి ట్యూనిస్ నుంచి ఒకావిడ వస్తోందట. ఇలాంటి సున్నా చూస్తే రంగే కుదరలేదంటుందట. ఆ స్లైడులు పక్కన పెట్టెయ్, వేరే విషయం తీసుకో, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు."

"మళ్ళీ ముక్కలు కోసి వేయొచ్చు కదా?"

"ఏం కోస్తాం ఖాల్తీ? ముక్కులోంచి తీసే ముక్క పప్పుగింజంత. రోగ నిర్ధారణకే సగం అయిపోయింది. మైనం దిమ్మల్లో మిగిలిన ఆఖరి పొరలు సీ తౌఫీక్ కోసినవే. ఇక లేవు."

అంటే ఆ అరవై రెండు గాజు ముక్కలు పనికొస్తేనే ఆమె థీసిస్. పనికిరాకపోతే ఏడాది పని పోయినట్టే. ఆ రోగుల గురించి తెలుసుకోవడానికి ఇంకో దారి కూడా లేదు.

తౌఫీక్ చెంచా కింద పెట్టాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన ఆ ల్యాబులో ఉన్నాడు. జూన్ ఆఖరికి రిటైర్మెంటు. ఆయన చివరిగా వేసిన పెద్ద వరస అది.

"నా రంగు కుదరలేదన్నారా?"

"ఆవిడ అలా అంటుందన్నారు."

"ఎవరన్నా ఒకటే."

గుఫ్రాన్ పైకి పోయి ల్యాప్‌టాప్ తెచ్చింది. గిన్నెలు పక్కకి జరిపి బల్ల మీద పెట్టింది. ఒకవైపు తన స్లైడు ఫొటో, ఇంకోవైపు ఒక పత్రికలో అచ్చయిన బొమ్మ. "మీరే చూడండి. మీ పొర వాళ్ళ పొర కంటే శుభ్రంగా ఉంది."

నేనూ వంగి చూశాను. ట్యూనిస్‌లో ప్రకృతి శాస్త్రాల్లో డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక ఉద్యోగం జోలికి పోలేదు, పోలేదన్న బాధా లేదు. కానీ అప్పట్లో సూక్ష్మదర్శిని కింద చూసినవి గుర్తున్నాయి. పత్రిక బొమ్మలో కేంద్రకాలు లేత నీలం, నీళ్ళు కలిపిన సిరాలా ఉన్నాయి. లోపలి గింజలు కూడా తెలుస్తున్నాయి. గుఫ్రాన్ ఫొటోలో కేంద్రకాలు ముదురు నీలం, దాదాపు నలుపు.

"ఈ నీలం ఇంత ముదురుగా ఉండాలా?" అన్నాను.

"మా దగ్గర అన్నీ అలాగే ఉంటాయి ఖాల్తీ."

"మరి వీళ్ళవి?"

"అచ్చులో వెలిసిపోయాయనుకున్నాను..." అంటూ ఆగిపోయింది గుఫ్రాన్. బొమ్మని పెద్దది చేసింది. తన ఫొటోనీ పెద్దది చేసింది.

"తౌఫీక్, నీలంలో ఎంతసేపు ఉంచుతావు?" అని అడిగాను.

"ఆరు నిమిషాలు."

"సీసా మీద ఎంతని రాసుంటుంది?"

ఆయన నా వైపు కోపంగా చూశాడు. ఇంట్లో పప్పు ఉడికించడం గురించి ఆయన నాకు చెప్పడు, ల్యాబు గురించి నేను ఆయనకి చెప్పను. అది మా ఒప్పందం. నేనే తప్పాను.

"నలభై సెకన్లు" అన్నాడు చివరికి. "నాకు తెలీదనుకున్నావా? ఉస్తాద్ కళ్ళకి శుక్లాలొచ్చినప్పుడు, పదకొండేళ్ళ కిందట, కేంద్రకాలు ఆనడం లేదు, కొంచెం ముదురు చెయ్ తౌఫీక్ అన్నారు. చేశాను. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం చేశాను. మామూలు స్లైడులకి దానివల్ల నష్టమేం లేదు."

"వీటికి ఉంది" అంది గుఫ్రాన్ నెమ్మదిగా. "కేంద్రకంలో లేత గోధుమ రంగు ఉన్నా, దాని మీద ఆరు నిమిషాల నీలం పడితే ఏం కనిపిస్తుంది? నాకు తట్టనే లేదు. నేను చదువుకున్నదే ఈ నీలంలో."

తౌఫీక్ లేచి వెనక తోటలోకి వెళ్ళాడు. నిమ్మ చెట్టుకి అప్పటికే ఉదయం నీళ్ళు పోశాను. మళ్ళీ పోశాడు. గుఫ్రాన్ నా వైపు భయంగా చూసింది.

"కోపమొచ్చిందా ఖాల్తీ?"

"కోపమైతే మాట్లాడతాడు. ఇప్పుడు ఆలోచిస్తున్నాడు. తిను."

పావుగంటకి లోపలికొచ్చాడు. పాదాలకి మట్టి. "గోధుమ రంగు పోదు" అన్నాడు గుమ్మంలోంచే. "అది ఒకసారి పడితే ఆమ్లానికీ కదలదు. నీలం మాత్రం పోతుంది. ముక్క మీద అంటించిన పై గాజు ఊడదీసి, ఆమ్లం కలిపిన ఆల్కహాలులో ముంచితే నీలం దిగిపోతుంది. మళ్ళీ లేతగా వేసుకోవచ్చు."

గుఫ్రాన్ కుర్చీలోంచి లేచింది. "అన్నీ?"

"కూర్చో, కూర్చో. గాజు ఊడదీసేటప్పుడు ముక్క కూడా లేచి వచ్చేస్తే అంతే సంగతి. తొందరపడితే అన్నీ పోతాయి."

మర్నాడు ఆయన ముందుగా రోగులెవరివీ కాని స్లైడు ఒకటి తీసుకున్నాడట. రంగు సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి ఎప్పుడూ పక్కన పెట్టుకునే టాన్సిల్ ముక్క అది. దాన్ని జైలీన్ అనే ద్రావకంలో నానబెట్టాడు. మంగళవారం సాయంత్రానికి కూడా పై గాజు కదల్లేదు. గుఫ్రాన్ బ్లేడుతో కొద్దిగా లేపుదామా అందట. "మీ గఫ్సాలో ఖర్జూరం పండకుండానే కోస్తారా?" అన్నాడట. బుధవారం పొద్దున గాజు దానంతట అదే జారి కిందికి వచ్చింది. కడిగి చూస్తే నీలం పోయింది, గోధుమ రంగు ఉన్నది ఉన్నట్టే ఉంది. అప్పుడు అసలు అరవై రెండూ జైలీన్‌లోకి దిగాయి.

శనివారం పొద్దున బయల్దేరుతూ, "నువ్వూ రా. అన్నదానివి నువ్వేగా, చూడాలి మరి" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఎంతో, పిలుపు ఎంతో నాకు తెలియలేదు. హరీసా కారం రాసిన రొట్టె, ట్యూనా, ఉడికించిన గుడ్లు కట్టుకుని వెళ్ళాను.

ల్యాబులో కిటికీ పక్కన బల్ల మీద గాజు తొట్టెలు వరసగా పెట్టుకున్నాడు. కొత్తగా చేరిన టెక్నీషియన్ హాజర్ కళ్ళప్పగించి చూస్తోంది. తౌఫీక్ ముందుగా గాజు జారిన పద్నాలుగో నంబరు స్లైడు పట్టకారుతో పట్టుకుని ఆమ్లంలో ముంచాడు. ఫ్రెంచిలో లెక్కపెట్టాడు. ఆయన తిట్టేది అరబ్బీలో, లెక్కపెట్టేది ఫ్రెంచిలో. ముక్కలోంచి నీలం సన్నటి పొగలా దిగింది. తీసి, నీళ్ళలో కడిగి, మళ్ళీ నీలంలో ముంచి నలభై లెక్కపెట్టాడు. ఆ నలభై ముప్పై దాటాక చాలా నెమ్మదిగా నడిచింది.

సరిగ్గా అప్పుడే లామీన్ గారు వచ్చారు. పొడుగాటి మనిషి, తెల్లకోటు జేబులో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు. నన్ను చూసి తలూపి, తొట్టెల వైపు తిరిగారు.

"తౌఫీక్, ఇవి పక్కన పెట్టమన్నట్టు గుర్తు నాకు."

"కడుగుతున్నాను ఉస్తాద్."

"ఏం కడుగుతున్నావు?"

"మీ నీలాన్ని."

"నా నీలమా? నాకెప్పుడు వచ్చింది నీలం?"

"పదకొండేళ్ళ కిందట మీరే అన్నారు. కేంద్రకాలు ఆనడం లేదు, ముదురు చెయ్ అని."

"అప్పుడు నా కళ్ళలో శుక్లాలున్నాయయ్యా! రెండో కంటికి కూడా ఆపరేషను అయి ఎనిమిదేళ్ళు దాటింది. అప్పట్నుంచీ నీ స్లైడు పెట్టినప్పుడల్లా నాకు సముద్రం అడుగున కూర్చున్నట్టుంటుంది."

తౌఫీక్ పట్టకారు పట్టుకునే నిలబడిపోయాడు. "మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నువ్వు నాకంటే ముందు ఈ ల్యాబుకి వచ్చినవాడివి. వయసుతో చెయ్యి బరువెక్కిందేమో, అంటే నొచ్చుకుంటావనుకున్నా."

"నేనేమో... మీకు చూపు ఇంకా తగ్గిందేమో, అడిగితే నొచ్చుకుంటారని అనుకున్నా."

హాజర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుఫ్రాన్ మాత్రం అలాంటిదేమీ పెట్టుకోలేదు. "ఎనిమిదేళ్ళు! మీ స్ఫాక్స్ వాళ్ళ మర్యాద చల్లగుండ! ఒకరినొకరు నొప్పించకుండా నా థీసిస్ ముంచారు కదా!"

"ముంచలేదు, తేలుస్తున్నాం. పక్కకి జరుగు" అన్నాడు తౌఫీక్.

పై గాజు వేసి, స్లైడు ఉస్తాద్ చేతికిచ్చాడు. ఆయన సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. మొదట, "అబ్బా, ఎంత వెలుతురుగా ఉంది" అన్నారు. తర్వాత స్లైడు కొంచెం జరిపారు. ఇంకొంచెం జరిపారు. ఆయన జేబులో గింజలు గలగలమన్నాయి.

లేచి, కుర్చీ గుఫ్రాన్‌కి ఇచ్చారు. "నేను చెప్పను. నువ్వు చూసి చెప్పు."

గుఫ్రాన్ చూసింది. నేను ఆమె వెనకే నిలబడ్డాను.

"లోపల ఉంది" అంది. "కేంద్రకాల్లో. మూడో వంతు కణాల్లో అయినా."

తౌఫీక్ రొట్టె పొట్లం విప్పాడు. నిలబడే తినడం మొదలుపెట్టాడు. ఆదివారం వదిలేసిన భోజనమంతా ఆ రోజు తిన్నట్టనిపించింది నాకు.

తర్వాతి వారం రోజులూ ఆయనకి అదే పని. రెండు స్లైడుల్లో ముక్క లేచి నీళ్ళలోకి పోయింది. "ముప్పై ఒకటో నంబరు పోయింది" అన్నాడు ఒక రోజు ఇంటికొచ్చి. ఆ రోగి ఎవరో ఆయనకి తెలియదు, తెలుసుకోడు కూడా. అయినా ఒక మనిషి పోయినట్టే అన్నాడు.

మిగతా అరవై గుఫ్రానూ ఉస్తాదూ విడివిడిగా చదివారు. రోగులకి ఆ తర్వాత ఏమైందో రాసి ఉన్న జాబితా ఉస్తాద్ సొరుగులో, మూసిన కవర్లో ఉంది. చదవడం పూర్తయ్యేదాకా ఎవరూ తెరవకూడదు. అది తెలిసి చూస్తే కన్ను తన ఇష్టం వచ్చింది చూస్తుందని గుఫ్రాన్ చెప్పింది. అది నిజమేనని నాకూ తెలుసు. చుట్టాల ఇంట్లో వంట రుచి చూడమన్నప్పుడు ముందు వండిందెవరో అడుగుతాం కదా.

యాభై తొమ్మిదింటి మీద ఇద్దరూ ఒకటే చెప్పారు. నలభై ఏడో నంబరు దగ్గర గొడవ. ఉస్తాద్ కేంద్రకంలో ఉందన్నారు. గుఫ్రాన్ లేదంది. పొర మడతపడి కేంద్రకం మీదికి వచ్చిందని, గాజు కొంచెం పైకీ కిందకీ ఆడిస్తే తెలుస్తుందని వాదించింది. ఆ సాయంత్రం తౌఫీక్ ఇంటికొచ్చి ఇదంతా నాకు వినిపించాడు, ఇద్దరి గొంతులూ తానే అనుకరిస్తూ.

"ఉస్తాద్, కాదు."

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానమ్మాయ్."

"అయినా కాదు."

"మర్యాదకైనా ఒప్పుకోవా?"

"మర్యాద సంగతి మనం చూశాం కదా ఉస్తాద్."

లామీన్ గారు పడీపడీ నవ్వారట. మళ్ళీ కూర్చుని, గాజు పైకీ కిందకీ ఆడించి చూశారు. పొరేనని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు గుఫ్రాన్‌కి గుప్పెడు గింజలిచ్చారు.

కవరు విప్పిన రోజు నేను వంటింట్లో బీన్స్ వలుస్తున్నాను. ఫోన్ మోగింది.

"ఖాల్తీ, పదిహేడు మందికి లోపల ఉంది. అందులో పదకొండు మందికి మూడేళ్ళలో తిరగబెట్టింది. మిగతా నలభై ముగ్గురిలో తొమ్మిది మందికే."

"అంటే నువ్వనుకున్నది నిజమే."

"నిజమే." వెనకాల ఎవరో తలుపు వేసిన చప్పుడు. "సంతోషంగా ఉంది. ఆ పదకొండు మంది పేర్లు చదివాక ఈ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు."

"చేతికొచ్చిన పని సరిగ్గా చేశావు, దానికి సంతోషపడు" అన్నాను. "ఆ పేర్లకి బాధపడు. మనసులో రెండూ పడతాయి."

"ఊ" అంది. "ఆకలేస్తోంది ఖాల్తీ."

"ఎప్పుడొస్తావు?"

"నడిచొస్తాను, ఇరవై నిమిషాలు."

థీసిస్ రోజున గఫ్సా నుంచి గుఫ్రాన్ తల్లీ, ఇద్దరు పినతల్లులూ వచ్చారు. వాళ్ళు తెచ్చిన మిఠాయిలకి మా బల్ల చాల్లేదు. ట్యూనిస్ నుంచి వచ్చినావిడ చిన్నగా, గట్టిగా ఉంది. రంగు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. పోయిన రెండు స్లైడుల గురించి అడిగింది. ఎలా పోయాయో, ఎందుకు లెక్కలోంచి తీసేశారో గుఫ్రాన్ దాచకుండా చెప్పింది. ఆవిడ రాసుకుని, "అరవై మందంటే చిన్న సంఖ్య. ఇప్పుడే రోగులకి చెప్పేంత గట్టి సాక్ష్యం కాదు. కానీ వదిలేసేదీ కాదు" అంది.

వెనక వరసలో లామీన్ గారూ తౌఫీకూ పక్కపక్కన కూర్చున్నారు. గింజలు ఒకే పొట్లంలోంచి తింటున్నారు. తొక్కలు ఎక్కడ వేస్తున్నారో నేను చూడదలచుకోలేదు.

జూలై మొదటి తారీకు నుంచి తౌఫీక్ ఇంట్లోనే ఉన్నాడు. నిమ్మ చెట్టుకి రోజుకి రెండుసార్లు నీళ్ళు పడుతున్నాయి, ఆకులు పసుపుబారకముందే నేనేదో ఒకటి చెప్పాలి. చెబుతాను కూడా. మా ఇంట్లో ఇక అలాంటి మర్యాదలు లేవు. ల్యాబులో హాజర్ రంగు వేస్తోంది. గుఫ్రాన్ మా మేడమీదే ఇంకో రెండేళ్ళు ఉంటుంది. కొత్తగా వచ్చే ప్రతి ముక్కు బయాప్సీలోనూ గ్రాహకం ఎక్కడుందో ఇకనుంచీ రాసిపెట్టుకుంటారు. మొన్న సోమవారం మొదటి మూడు వచ్చాయి. ఒకదాంట్లో లోపల ఉంది. ఆ మనిషి ట్రక్కు డ్రైవరు, నలభై రెండేళ్ళు, చికిత్స ఇంకా మొదలవలేదు. ఆయన్ని మామూలు కంటే తరచుగా పిలిచి చూడమని లామీన్ గారు చికిత్స చేసే డాక్టరుకి స్వయంగా ఫోన్ చేశారట. వచ్చే గురువారం రమ్మన్నారు.